దస్తూరి ఎవరిది?

ఈమెయిల్‌లో పంపినవాళ్ల పేరు ఉండే చోటు ఒకటి కాదు, నాలుగు. కంటికి కనిపించేది ‘ఫ్రమ్’ ఒక్కటే కాబట్టి మిగతా మూడింటి సంగతి పని చెడ్డాక గాని బయటపడదు. ఫ్రమ్‌లో ఉండేది ఆ ఉత్తరం ఎవరి మాటో వాళ్ల చిరునామా. ‘సెండర్’ వరసలో ఉండేది దాన్ని స్వయంగా పంపిన చేతిది. ‘రిప్లై-టు’ జవాబు ఏ గడపకు రావాలో చెబుతుంది. నాలుగోది ఉత్తరంలో ఉండదు, కవరు మీద ఉంటుంది: ఒక సర్వరు ఇంకో సర్వరుకు ఉత్తరం అప్పగించేటప్పుడు ‘చేరకపోతే ఇక్కడికి తిప్పి పంపు’ అని చెప్పే చిరునామా. ఉత్తరం చేరాక అదే ‘రిటర్న్-పాత్’ పేరుతో పై వరసల్లోకి ఎక్కుతుంది. నలుగురు పనిచేసే ఆఫీసులో అందరికీ కలిపి ఒకే పంపే చిరునామా పెట్టడం రెండు నిమిషాల పని. ఈ నాలుగింటిలో ఏది ఉమ్మడి, ఏది ఎవరిది వారిది అని తేల్చుకోవడమే అసలు పని.

పెద్ద కంపెనీలో ఈ తగువు పుట్టదు, దానికో విభాగం ఉంటుంది. పుట్టేది నాలుగు బల్లల ఆఫీసులో. హైదరాబాద్ శివారు కండ్లకోయ పేరు చెబితే నగరంలో వాళ్లకు గుర్తొచ్చేవి ఆక్సిజన్ పార్కు, ఇంజనీరింగ్ కాలేజీలు, 44వ జాతీయ రహదారి ఔటర్ రింగ్ రోడ్డును కలిసే జంక్షను. 158 కిలోమీటర్ల ఔటర్‌లో చిట్టచివర పూర్తయిన ముక్క ఆ జంక్షనే, 2018లో. 2022 ఫిబ్రవరిలో ఇక్కడ ఐటీ పార్కుకు శంకుస్థాపన కూడా జరిగింది. కానీ ఈ రోడ్డు మీద మెయిళ్లతో రోజు గడిపేది ఐటీ వాళ్లు మాత్రమే కాదు. మేడ్చల్ దారి పొడుగునా ఉన్న గోదాముల్లో, విత్తనాల ప్రాసెసింగ్ షెడ్లలో, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో ఆర్డరు, రేటు, లాట్ నంబరు, వే బిల్లు అన్నీ మెయిల్ మీదే నడుస్తాయి. వానాకాలం పంటకు ముందు ఏప్రిల్, మే నెలల్లో డీలర్ల మెయిళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇక్కడ వాదించుకునే ఇద్దరూ అలాంటి ఒక విత్తనాల ఆఫీసులోని రెండు కుర్చీలు. ఒకరు డిస్పాచ్ చూసే పెద్దాయన, ఇంకొకరు అకౌంట్స్ చూసే ఆమె. కుర్చీలు చాలు, పేర్లతో పనిలేదు.

డిస్పాచ్ — సిద్దిపేట డీలర్‌కు నా పేరు ఎందుకు చెల్లె? ఆయనకు కావల్సింది లోడు ఎప్పుడు ఎక్కుతదన్నది. నేను రెండు రోజులు సెలవు పెడితే ఆయన మెయిల్ నా డబ్బలనే కూసుంటది. ‘ఆర్డర్స్’ అని ఒక్క అడ్రసు పెడితే ఎవరు కుర్చీల ఉంటే వాళ్లు చూస్తరు. బోర్డు మీద కంపెనీ పేరు రాస్తం గాని వాచ్‌మన్ పేరు రాస్తమా?

అకౌంట్స్ — బోర్డు రేటు చెప్పది గదన్నా, మెయిల్ చెప్తది. పోయిన సీజన్ల ఒకటే డీలర్‌కు ఒకటే రోజు రెండు మెయిళ్లు పోయినయి. రెండూ ఆర్డర్స్ పేరు మీదనే. ఒకదాంట్ల పాత రేటు, ఒకదాంట్ల కొత్త రేటు. ఆయన తక్కువదే పట్టుకొని కూసున్నడు. ఎవరు రాసిన్రంటే నలుగురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.

ఇద్దరూ చెప్పేది నిజమే. తేడా అంతా ఫ్రమ్ అనే ఒక్క గీత మీదే ఇద్దరూ వేరువేరు పనులు మోపడంలో ఉంది. మాట ఎవరిది అన్నదానికి ఒక పేరు, రాసిన చెయ్యి ఎవరిది అన్నదానికి ఇంకో పేరు ఉండటం కంప్యూటర్లతో వచ్చిన ఏర్పాటేమీ కాదు. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడి గ్రామాన్ని దానమిచ్చిన శాసనంలో దాత రాజు, రచన నన్నయభట్టుది, చెక్కినవాడు గండాచార్యుడు. ముగ్గురి పేర్లూ అందులో ఉన్నాయి. దానం రాజుదే అయినా చెక్కిన చేతి పేరు మరుగున పడలేదు. పాత భూమి కాగితాల్లోనూ అంతే: రాసిచ్చినవారి చేవ్రాలో నిశానీయో ఒక పక్క, సాక్షులు ఒక పక్క, అడుగున ‘దస్తూరి’ అని రాతగాడి పేరు. తగువు వస్తే ముందుగా పిలిపించేది ఆ దస్తూరి మనిషినే.

ఈమెయిల్‌కు మొదట పద్ధతులు రాసినవాళ్లకూ ఇది తెలుసు. 1982లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 822 అనే ప్రమాణ పత్రం ఫ్రమ్‌నూ సెండర్‌నూ వేరు చేసింది. అది ఇచ్చిన ఉదాహరణ సెక్రటరీది: ఉత్తరం అధికారిది, పంపింది సెక్రటరీ, అధికారి చిరునామా ఫ్రమ్‌లో, సెక్రటరీది సెండర్‌లో. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5322 కూడా ఆ మాటే నిలబెట్టింది. రెండూ ఒకరే అయితే సెండర్ వరస రాయనక్కర్లేదని, ఫ్రమ్‌లో ఒకరికంటే ఎక్కువమంది ఉంటే సెండర్ తప్పనిసరి అని అందులో ఉంది. అంటే దస్తూరికి గీత గీసే ఉంచారు. ఆ గీత మీద రాయడానికి మామూలు మెయిల్ ప్రోగ్రాముల్లో గడి లేకపోవడమే కొరత.

ఉమ్మడి చిరునామా పెట్టే దారులు మూడు. కండ్లకోయలో గాని ఇంకోచోట గాని ఎక్కువమంది తొక్కేది మొదటిదే, అదే అన్నిటికంటే చెడ్డది.

డిస్పాచ్ — గంత కథ ఎందుకు? ఆర్డర్స్‌కు ఒక్క పాస్‌వర్డు పెట్టి నలుగురికి చెప్తే అయిపాయె.

అకౌంట్స్ — ఇప్పుడు గదే నడుస్తున్నది గదన్నా. పాస్‌వర్డు నీ కీబోర్డు కింద చీటీ మీద ఉన్నది. చాయ్ తెచ్చే పిల్లగానికి సుత ఎరుకే.

ఒకే లాగిన్‌ను నలుగురు వాడితే ఫ్రమ్‌తో పాటు లాగిన్ కూడా ఉమ్మడి అవుతుంది. దస్తూరి జాడ ఉండగలిగిన చివరి చోటు కూడా అక్కడితో తుడిచిపెట్టుకుపోతుంది. ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఒక్కరికే వస్తుంది కాబట్టి రెండంచెల భద్రత పెట్టుకోవడమూ కష్టమే. పెట్టుకుంటే ఆ ఫోను ఉన్న మనిషి భోజనానికి వెళ్లినప్పుడల్లా ఆఫీసు ఆగుతుంది.

రెండో దారి, ఎవరి లాగిన్‌తో వాళ్లు ఉంటూ ఫ్రమ్‌లో మాత్రం ఉమ్మడి పేరు పెట్టుకోవడం. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో దీన్ని ‘ఐడెంటిటీ’ అంటారు. అకౌంట్ సెట్టింగ్స్‌లో తన అకౌంటు పేరు మీద నొక్కితే కుడివైపు కింద ‘మేనేజ్ ఐడెంటిటీస్’ మీట కనిపిస్తుంది. దాన్ని తెరిచి ‘యాడ్’ నొక్కితే ఖాళీ గడులతో చిన్న కిటికీ వస్తుంది: పేరు, ఈమెయిల్ చిరునామా, రిప్లై-టు, సంస్థ, సంతకం. చిరునామా గడిలో ఆర్డర్స్ అడ్రసు రాయాలి. రిప్లై-టులో మళ్లీ అదే రాయనక్కర్లేదు. ఆ గడి ఖాళీగా ఉంటే జవాబు ఫ్రమ్‌కే వస్తుంది. ఏ సర్వరు ద్వారా బయటికి పోవాలో ఎంచుకునే వరస అదే కిటికీలో ఉంటుంది, చాలామంది చూడకుండా ఓకే కొట్టేది దాన్నే. ఆ తర్వాత కొత్త మెయిల్ రాసేటప్పుడు ఫ్రమ్ పక్కన చిన్న బాణం గుర్తు నొక్కితే రెండు పేర్లు కిందికి దిగుతాయి, తనదీ ఆఫీసుదీ. డీలరు ఆర్డర్స్‌కు రాసిన మెయిల్‌కు ‘రిప్లై’ కొడితే థండర్‌బర్డ్ దానంతట అదే ఆర్డర్స్ పేరును ఎంచుకుంటుంది. కొత్తగా రాసే మెయిల్‌కు ఆ తెలివి ఉండదు, అకౌంటుకు మొదటి ఐడెంటిటీ ఏదైతే అదే పడుతుంది. ఆఫీసు తరఫున పోవాల్సిన మెయిళ్లు సొంత పేరు మీద పోయేది ఎక్కువగా ఇక్కడే.

జీమెయిల్‌లో ఇదే పని సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ పేజీలో ‘సెండ్ మెయిల్ యాజ్’ దగ్గర జరుగుతుంది. కొత్త చిరునామా చేర్చగానే ఆ చిరునామాకే ఒక కోడ్ వెళ్తుంది, అది చూసి కొట్టినవాళ్లకే హక్కు. ‘ఏ అడ్రసుకు వచ్చిందో ఆ అడ్రసు నుంచే జవాబు’ అన్న ఎంపిక కూడా ఆ పేజీలోనే ఉంది. మొదట మాత్రం ‘ఎప్పుడూ డిఫాల్ట్ అడ్రసు నుంచే’ అన్నదానికి టిక్కు ఉంటుంది, దాన్ని మార్చుకోవాలి.

మూడో దారి డబ్బానే వేరుగా పెట్టి, దాన్ని తెరిచే హక్కును పేరుపేరునా ఇవ్వడం. జీమెయిల్‌లో దీని పేరు డెలిగేషన్: ఎవరి లాగిన్‌తో వాళ్లు వచ్చి ఉమ్మడి డబ్బా తెరుస్తారు, దాని పాస్‌వర్డు వాళ్లకు తెలియనక్కర్లేదు, మార్చే వీలూ ఉండదు. మైక్రోసాఫ్ట్ 365లో దీన్ని షేర్డ్ మెయిల్‌బాక్స్ అంటారు. 50 జీబీ వరకు దానికి వేరే లైసెన్సు కొనక్కర్లేదు. అక్కడ హక్కు రెండు రకాలు. ‘సెండ్ యాజ్’ ఇస్తే అందుకున్నవాళ్లకు ఆర్డర్స్ అన్న పేరే కనిపిస్తుంది. ‘సెండ్ ఆన్ బిహాఫ్’ ఇస్తే ‘ఫలానా వ్యక్తి, ఆర్డర్స్ తరఫున’ అని కనిపిస్తుంది. ఒకే మనిషికి రెండూ ఇస్తే ‘సెండ్ యాజ్’దే పైచేయి. నలభై ఏళ్ల కిందటి సెక్రటరీ ఉదాహరణ ఈ రెండో హక్కులో అచ్చంగా బతికి ఉంది.

అకౌంట్స్ — నాకు ఆ తరఫునే కావాలె. పేరూ కనిపించాలె, ఆఫీసూ కనిపించాలె.

డిస్పాచ్ — డీలర్‌కు నీ పేరు కనిపిస్తె ఏమైతదో ఎరుకేనా? రేపటికెళ్లి నీకే రాస్తడు, నీకే ఫోన్ చేస్తడు. ఆదివారం సుత చేస్తడు. కలెక్టరాఫీసు చూడు, కలెక్టర్ మారినా కలెక్టర్ అడ్రసు మారది. ప్రజలకు మనిషితోని ఏం పని, కుర్చీతోని పని.

పెద్దాయన తెచ్చిన పోలిక గట్టిదే. 2015లో అమల్లోకి వచ్చిన భారత ప్రభుత్వ ఈమెయిల్ విధానం సరిగ్గా ఈ ప్రశ్ననే ఎత్తుకుంది. శాఖలు అడిగితే అధికారికి రెండు చిరునామాలు, హోదా మీద ఒకటి, పేరు మీద ఒకటి, ప్రభుత్వ మెయిల్ నడిపే ఎన్‌ఐసీ ఇవ్వాలన్నది అందులోని ఏర్పాటు. ప్రజలతో వ్యవహరించే అధికారులు హోదా చిరునామా వాడటం మంచిదని అది సూచించింది. కనీసం 20 ఏళ్లు పనిచేసి దిగిపోయిన అధికారి పేరు మీది చిరునామాను ఒక ఏడాది ఉంచుకోవచ్చని, ఆపైన అదే పేరుతో రిటైరైనవాళ్ల డొమైన్‌లో ఇంకో చిరునామా జీవితాంతం ఇస్తారని ఆ విధానం చెప్పింది. మనిషితో పోయేది పేరు, కుర్చీతో ఉండిపోయేది హోదా.

అకౌంట్స్ — అక్కడ ఒక కుర్చీల ఒక్కడే కూసుంటడన్నా. ఫలానా తారీఖున కలెక్టర్ ఎవరంటే జీవో తీసి చూస్తె దొరుకుతది. మన ఆర్డర్స్ కుర్చీల ఒకటే గంటల నలుగురం కూసున్నం.

ఈ ఒక్క మాటతో పోలిక సగం జారిపోతుంది. హోదా చిరునామా వేరు, ఉమ్మడి చిరునామా వేరు. రెండింటిలోనూ మనిషి పేరు కనిపించదు గాని, మొదటిదానిలో తేదీ చెబితే మనిషి దొరుకుతాడు, రెండోదానిలో దొరకడు. 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2142 సేల్స్, సపోర్ట్, ఇన్ఫో, అబ్యూస్ వంటి చిరునామాల పేర్లు ఖాయం చేసినప్పుడు, ఆ పని చూసేవాళ్లకు ఉత్తరం చేరాలన్నదే దాని ఉద్దేశం. అది వచ్చే ఉత్తరాల సంగతి. ఉమ్మడి చిరునామా అందుకోవడానికి ఎంత మేలో పంపడానికి అంత చిక్కు.

చిక్కు ఎంతో విత్తనాల వ్యాపారంలో బాగా తెలుస్తుంది. విత్తన చట్టం 1966లోది. దాని కింది ప్రమాణాల ప్రకారం వరి విత్తనం కనీసం 80 శాతం మొలవాలి, సంచి మీద లాట్ నంబరుతో లేబుల్ ఉండాలి. ఒక డీలరు ‘ఈ లాట్ మొలక రిపోర్టు వచ్చిందా, అమ్మొచ్చా’ అని అడిగాడనుకుందాం. ఆర్డర్స్ నుంచి ‘అమ్మొచ్చు’ అని రెండు ముక్కల జవాబు పోయింది. మొలక రాలేదు, రైతు కేసు వేశాడు. ఆ రెండు ముక్కలు ఎవరివి?

కంపెనీవి, అనే చెబుతుంది చట్టం. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఒక ఎలక్ట్రానిక్ రికార్డును దాని కర్తే పంపినా, ఆ రికార్డు విషయంలో కర్త తరఫున వ్యవహరించే అధికారం ఉన్న మనిషి పంపినా, కర్త పెట్టిన కంప్యూటరు దానంతట అదే పంపినా అది కర్తదే. బయటివాళ్ల ముందు కంపెనీ ‘ఎవరో పిల్లవాడు పంపాడు’ అని తప్పించుకోవడం సులువు కాదు. అయితే ఆ పంపిన మనిషికి అధికారం ఉందా లేదా అన్నది తేలాలంటే ముందు ఆ మనిషి ఎవరో తేలాలి. అదే ఏడాది సాక్ష్య చట్టంలో చేరిన 88ఎ సెక్షన్ ఇంకా జాగ్రత్తగా మాట్లాడింది: అందిన మెయిలూ, పంపేవాళ్లు కంప్యూటరులో కొట్టినదీ ఒకటేనని కోర్టు అనుకోవచ్చు, ఎవరు పంపారన్న విషయంలో మాత్రం ఏమీ అనుకోకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ నియమాన్ని అట్లాగే ఉంచుకుంది. ఫ్రమ్ గీత మీద ఉన్న పేరును చట్టం ఎంతవరకు నమ్ముతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పనక్కర్లేదు.

డిస్పాచ్ — అయితె లోపల మనకు తెలిస్తె చాలు గదా. డీలర్‌కు తెల్వాలని ఎక్కడున్నది?

పెద్దాయన ఇక్కడ తెలియకుండానే తగువు సగం తీర్చాడు. రెండో దారిలో ఫ్రమ్ ఉమ్మడిదైనా లాగిన్ ఎవరిది వారిదే కాబట్టి సర్వరు లాగ్‌లో దస్తూరి ఉంటుంది. చవక హోస్టింగుల్లో ఎక్కువగా కనిపించే సీప్యానెల్ అయితే ఉత్తరం పై వరసల్లోనే ‘ఎక్స్-ఆథెంటికేటెడ్-సెండర్’ అని ఒక గీత వేసి, లాగిన్ అయిన అకౌంటు పేరు అందులో రాస్తుంది. డీలరు మామూలుగా చూసే తెరలో అది కనిపించదు, ‘వ్యూ సోర్స్’ నొక్కితే కనిపిస్తుంది. నలుగురూ ఒకే లాగిన్ వాడితే ఆ గీత మీదా ఆర్డర్స్ అనే ఉంటుంది, ఎవరికీ ఉపయోగం లేదు. లాగ్‌లు 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. వానాకాలం నాట్లప్పుడు పోయిన మెయిల్ మీద కోతలప్పుడు గొడవైతే ఆ గడువు సరిపోతుంది. కేసు దాకా పోయి సాగితే సరిపోదు.

సర్వరు ఒప్పుకోవాలన్నది ఇంకో మెలిక. ఒకరి లాగిన్‌తో వచ్చి ఇంకో పేరు చెబితే కొన్ని సర్వర్లు మెయిల్‌ను మొహాన కొడతాయి. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వరు ప్రోగ్రాములో ఏ చిరునామాను ఏయే లాగిన్లు వాడుకోవచ్చో పట్టిక రాసే ఏర్పాటు ఉంది. ఆర్డర్స్ అన్న పేరు ఎదురుగా నాలుగు లాగిన్లు రాస్తే ఆ నలుగురూ ఆ పేరు చెప్పవచ్చు, ఐదోవాడు చెప్పలేడు. పోస్ట్‌ఫిక్స్ ఇక్కడ చూసేది కవరు మీది పేరును, లోపలి ఫ్రమ్‌ను కాదు. అందుకే ఐడెంటిటీ పెట్టేటప్పుడు రెండు చోట్లా ఒకటే పేరు పడుతున్నదో లేదో ఒకసారి తనకు తానే మెయిల్ పంపుకొని, సోర్స్ తెరిచి, రిటర్న్-పాత్ గీతను చూసుకోవడం మంచిది. ఈ ఒక్క పరీక్ష మీద ఖర్చు చేసే నిమిషం సీజన్‌లో ఒక పూట కాపాడుతుంది.

అకౌంట్స్ — మొన్న నువ్వు ఫోన్ల నుంచి పంపినవి కరీంనగర్ ఆయనకు చేరనే లేదు. ఆర్డర్స్ పేరే పెట్టినవు. మరెందుకు చేరలె?

డిస్పాచ్ — పేరు మనదే గదా. నెట్ బాగలేక కావచ్చు.

నెట్ కాదు. ఫోన్‌లో ఫ్రమ్ పేరు ఆఫీసుది పెట్టి, పంపే సర్వరు మాత్రం వేరే కంపెనీది ఉంచితే, అందుకునే సర్వరుకు అది దొంగ ఉత్తరంలా కనిపిస్తుంది. ఇందుకు మూడు కాపలాలు ఉన్నాయి. ఎస్‌పీఎఫ్ అనేది ‘మా డొమైన్ పేరు మీద ఈ సర్వర్లే పంపుతాయి’ అని డొమైన్ పేర్ల చిట్టా అయిన డీఎన్‌ఎస్‌లో వేసిన బోర్డు. అది పరీక్షించేది కవరు మీది పేరును. డీకేఐఎం పంపే సర్వరు వేసే ముద్ర. డీమార్క్ ఈ రెండింటిలో కనీసం ఒకటి ఫ్రమ్‌లో కనిపించే డొమైన్‌తో సరిపోవాలంటుంది. సరిపోకపోతే ఏం చేయాలో డొమైన్ యజమాని చెప్పి పెట్టవచ్చు: ఊరుకో, స్పామ్‌లో వెయ్యి, తిప్పికొట్టు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5000 మెయిళ్లకు పైగా పంపేవాళ్లకు డీమార్క్ తప్పనిసరి, తక్కువ పంపేవాళ్లకూ ఎస్‌పీఎఫ్, డీకేఐఎంలలో ఏదో ఒకటి ఉండాల్సిందే. కండ్లకోయ విత్తనాల ఆఫీసు రోజుకు 5000 పంపదు, అయినా కాపలా దానికీ వర్తిస్తుంది. ఫోన్‌లో పంపే సర్వరును ఆఫీసు సర్వరుకు మార్చుకుంటే చాలు.

తెలుగులో పేరు పెట్టాలనుకున్నవాళ్లకు ఒక ముచ్చట. ఫ్రమ్‌లో చిరునామా పక్కన ఉండే పేరును తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు. పాత పద్ధతి ప్రకారం మెయిల్ పై వరసల్లో ఇంగ్లీషు అక్షరాలే పోవాలి కాబట్టి 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 ప్రకారం తెలుగు పేరు వేషం మార్చుకొని ప్రయాణిస్తుంది. ‘కండ్లకోయ’ అన్న మాటలో గుణింతపు గుర్తులతో కలిపి యూనికోడ్ గుర్తులు 8. ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 24. అవి 32 ఇంగ్లీషు అక్షరాలుగా మారి, ముందూ వెనకా ప్రశ్నార్థకాల మధ్య కూర్చొని పోతాయి. అట్లాంటి ముక్క ఒక్కోటి 75 అక్షరాలు దాటకూడదు. అంటే ముక్కకు దాదాపు 15 తెలుగు గుర్తులు. అంతకంటే పొడుగు పేరు పెడితే ముక్కలవుతుంది, పాత ప్రోగ్రాముల్లో అతుకు దగ్గర చెడిపోవచ్చు. చిరునామానే తెలుగు లిపిలో పెట్టడానికి 2012 నుంచి పద్ధతి ఉంది గాని అవతలి సర్వరు కూడా దాన్ని ఒప్పుకోవాలి. డీలర్లతో పని ఉన్న చిరునామాకు ఆ ప్రయోగం వద్దు. పేరు తెలుగులో, చిరునామా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే సరిపోతుంది.

ఇక మిగిలింది పంపిన మెయిల్ నకలు. ఇక్కడ న్యాయం పెద్దాయన వైపే.

డిస్పాచ్ — ఎవరి లాగిన్ వాళ్లదైతె నువ్వు పంపింది నీ సెంట్ డబ్బల పడుతది. డీలర్ నాకు ఫోన్ చేసి ‘పొద్దుగాల మీరే చెప్పిన్రు గదా’ అంటె నేను ఏం చూసి చెప్పాలె? గిట్లయితె మల్ల రెండు రేట్లు పోతయి.

ఒకే లాగిన్ వాడే చెడ్డ దారిలో ఉన్న ఒకే ఒక మేలు ఇదే: పంపినవన్నీ ఒక్కచోట ఉంటాయి. దాన్ని వదులుకోకుండా దస్తూరి కాపాడుకోవడానికి థండర్‌బర్డ్ ఐడెంటిటీ కిటికీలోనే రెండో పేజీలో ‘కాపీస్ అండ్ ఫోల్డర్స్’ ఉంది. అందులో ‘బీసీసీ’ గడిలో ఆర్డర్స్ చిరునామానే రాసి పెట్టాలి. ఆ ఐడెంటిటీతో పోయే ప్రతి మెయిల్ నకలూ డీలరుకు కనిపించకుండా ఆర్డర్స్‌కు తిరిగి వస్తుంది, అక్కడి నుంచి నలుగురికీ చేరుతుంది. ఒకరు జవాబు ఇచ్చేశారని మిగతా ముగ్గురికీ నిమిషంలో తెలుస్తుంది. మైక్రోసాఫ్ట్ షేర్డ్ మెయిల్‌బాక్స్‌లో కూడా మామూలుగా నకలు పంపినవాళ్ల సొంత సెంట్ డబ్బాలోనే పడుతుంది. ఉమ్మడి డబ్బాలో కూడా ఉంచమని అడ్మిన్ ఒక సెట్టింగు మార్చాలి. చాలా ఆఫీసుల్లో ఎవరూ మార్చరు. ‘మీరు చెప్పారు, మేం చెప్పలేదు’ వాదాలకు అది మంచి విత్తనం.

సంతకం దగ్గర ఇద్దరూ మళ్లీ పట్టుపట్టారు. ఆమె పూర్తి పేరు ఉండాలంది, ఆయన ఏమీ వద్దన్నాడు. ఐడెంటిటీ ఒక్కొక్కరి కంప్యూటరులో ఒక్కొక్కరు విడిగా పెట్టుకునేది కాబట్టి సంతకం గడి కూడా ఎవరిది వారిదే. అందులో ఆఫీసు పేరు కింద రెండక్షరాలు, డిస్పాచ్ వాళ్లు ‘డి’ పక్కన ఒక అంకె, అకౌంట్స్ వాళ్లు ‘అ’ పక్కన ఒక అంకె, వేసుకుంటే డీలరుకు ఆదివారం ఫోన్ చేయడానికి పేరు దొరకదు, ఆఫీసుకు మాత్రం మనిషి దొరుకుతాడు. టైపిస్టుల కాలంలో ఆఫీసు ఉత్తరాల అడుగున ఎడమ పక్కన చిన్న అక్షరాల్లో ఉండే పొడి అక్షరాలు ఈ పనికే.

అకౌంట్స్ — గా అంకె తప్పు వేసుకుంటెనో?

డిస్పాచ్ — సర్వర్ల అసలు పేరు ఉండనే ఉన్నది గదా చెల్లె. అంకె మనకు, లాగ్ నీకు.

ఇక ఎవరైనా పని మానేసిన రోజు సంగతి. ఉమ్మడి పాస్‌వర్డు దారిలో నాలుగు కంప్యూటర్లు, నాలుగు ఫోన్లు, కీబోర్డు కింది చీటీ, అన్నీ ఆ రోజే మార్చాలి. ఎవరి లాగిన్ వారిదైతే సర్వరు పట్టికలో ఆర్డర్స్ ఎదురుగా ఉన్న నాలుగు పేర్లలో ఒకటి కొట్టేసి, ఆ ఒక్క లాగిన్ మూసేస్తే చాలు. మానేసిన మనిషి ఫోన్‌లో ఐడెంటిటీ అట్లాగే ఉంటుంది, ఫ్రమ్‌లో ఆఫీసు పేరూ కనిపిస్తుంది. కానీ ఆఫీసు సర్వరు లోపలికి రానివ్వదు, వేరే సర్వరు నుంచి పంపితే డీమార్క్ ‘తిప్పికొట్టు’ అని ఉన్న చోట అది డీలరు గడప తొక్కదు. ఆ ప్రయత్నం జరిగిన సంగతి మాత్రం డీమార్క్ రోజువారీ రిపోర్టులో ఒక వరసగా, పంపిన సర్వరు ఐపీ నంబరుతో, డొమైన్ యజమాని ఇచ్చిన చిరునామాకు వస్తుంది. ఆ రిపోర్టులకు ఆర్డర్స్ చిరునామా ఇవ్వకూడదు, మే నెల మెయిళ్ల కింద అవి ఎవరికీ కనపడవు.